గురక యంత్రమును అలవరచుకొనుట ఎట్లు?

మన పత్రికలో నూలు ధరలు, రంగుల సంగతులు, సొసైటీ వార్తలు వచ్చుట వాడుక. ఈ సంచికలో నిద్రను గూర్చి వ్రాయుచున్నాము. నిద్రకును నేతకును ఏమి సంబంధమని కొందరు అడుగవచ్చును. నేత మెలకువతో చేయవలసిన పని. కన్ను మూతపడిన క్షణములో పోగు తెగును, పేక తప్పును. గుడ్డలో పడిన తప్పు కూలిలో కోతగా వచ్చును. మరమగ్గము కడ తూగినచో వ్రేలికి ముప్పు. లుంగీల మూటలు బండికి కట్టుకొని తెల్లవారుజామున గుడియాత్తము నుండి వేలూరికి పోవునపుడు తూగినచో ప్రాణమునకే ముప్పు.

పగలు ఇట్లు తూగువారిలో కొందరు రాత్రి తక్కువసేపు పరుండువారు కారు. ఎనిమిది గంటలు పరుండి, ఇల్లంతయు వినబడునట్లు గురకపెట్టి, తెల్లవారి అలసటతోనే లేచువారు. అట్టివారికి డాక్టర్లు పరీక్ష చేయించి, రాత్రివేళ ముక్కుకు మాస్కు తగిలించుకొని పరుండు సీప్యాప్ అను యంత్రమును వ్రాసియిచ్చుచున్నారు. పదుల వేల రూపాయలు పోసి తెచ్చిన ఆ యంత్రము కొన్ని ఇండ్లలో పదునైదు రోజులకే అటక ఎక్కుచున్నది. "నాకు సరిపడలేదు" అనుట మామూలు మాట. చాలవరకు సరిపడనిది యంత్రము కాదు, దాని అమరిక. మొదటి మాసములో ఓపికతో అమరికను దిద్దుకొన్నవారికి అది నిలుచును. ఆ దిద్దుబాటు ఎట్లో చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

జబ్బు ఏమిటి?

మేలుకొని యున్నపుడు గొంతులోని కండరములు బిగువుగా నుండి గాలి దారిని తెరచియుంచును. నిద్రలో అవి సడలును. కొందరిలో నాలుక వెనుకకు జారి, గొంతు గోడలు ఒకదానికొకటి అంటుకొని దారి మూసికొనును. తడిగుడ్డతో చేసిన గొట్టమును నోట పెట్టి పీల్చినచో దాని గోడలు లోనికి అంటుకొనును. గొంతులో జరుగునదియు అదియే. దారి సగము మూసికొనిన గురక వచ్చును. పూర్తిగా మూసికొనిన చప్పుడే యుండదు. 10 సెకండ్లు గాని అంతకు మించి గాని శ్వాస ఆగినచో వైద్యులు దానిని లెక్కలోనికి తీసికొందురు. రక్తములో ఆక్సిజను తగ్గును. మెదడు ఉలికిపడి మనిషిని లేపును. అతడు ఒక్క పెద్ద ఊపిరి తీసి మరల నిద్రలో పడును. ఉదయము అతనికి ఇదేమియు జ్ఞాపకముండదు. ఒక్క రాత్రిలో వందసార్లు, రెండువందలసార్లు ఇట్లు ఉలికిపడినవానికి పడక మీద గడిచిన గంటలన్నియు నిద్ర కానేరవు.

మనలో గురకను గాఢనిద్రకు గుర్తుగా చెప్పుకొనుట కలదు. గురకపెట్టు ప్రతివారికి ఈ జబ్బు ఉండదను మాట నిజమే. కాని నడుమ ఆగి, కొంతసేపు చప్పుడు లేక, పిదప ఉక్కిరిబిక్కిరిగా మరల మొదలగు గురకను ఉపేక్షింపరాదు. పగలు తూగుట, ఉదయము తలనొప్పి, నోరు ఎండుట, రాత్రి పలుమార్లు మూత్రమునకు లేచుట, చిరాకు, మతిమరుపు, మందులు మ్రింగినను రక్తపుపోటు దిగకుండుట, ఇవి తక్కిన గుర్తులు. లావుగా నుండువారిలోను, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించినవారిలోను ఇది హెచ్చు. దవడ చిన్నదైన సన్నని మనుషులకును రావచ్చును. స్త్రీలలో ముట్లుడిగిన పిదప పెరుగును. వారిలో గురక కంటె అలసట, నిద్రపట్టకుండుట ముందు కనబడుటచే పలువురి విషయములో ఎవరును గమనింపరు.

ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఈ జబ్బు కలదు. కావున ఇది ఎవరో ఒకరిద్దరికి వచ్చిన వింత రోగమని సిగ్గుపడ నక్కరలేదు.

పరీక్ష ఎక్కడ? ఎట్లు?

గుడియాత్తము వారు రైలులో కాట్పాడి దిగి బస్సులో వేలూరు చేరవచ్చును. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యశాలయే నేటి సి.ఎం.సి. ఆసుపత్రి. అక్కడ నిద్రపరీక్ష జరుగును. మొదట అడుక్కంపారైలోని ప్రభుత్వ వైద్య కళాశాలాసుపత్రిలో గాని, ఊరిలోని డాక్టరు వద్ద గాని చూపించుకొని, పరీక్షకు ఎక్కడికి పోవలెనో అడిగినను సరియే. చూపవలసినది ఊపిరితిత్తుల డాక్టరునకు గాని, చెవి ముక్కు గొంతు డాక్టరునకు గాని.

పరీక్షలో సూది, కోత ఉండవు. రాత్రి ఆసుపత్రి గదిలో పరుండవలెను. తలకు, రొమ్మునకు, కాళ్లకు సన్నని తీగలు అంటింతురు. వ్రేలికి ఆక్సిజను చూచు క్లిప్పు పెట్టుదురు. ముక్కు కడ గాలి రాకపోకలు చూచు గొట్టముండును. కొందరికి చిన్న పరికరమిచ్చి ఇంటిలోనే చేయుదురు. గంటకు సగటున ఎన్నిమారులు శ్వాస ఆగుచున్నది, లేక బాగుగా తగ్గుచున్నది అను లెక్క కాగితములో వచ్చును. 5 లోపల నున్న మామూలు. 5 నుండి 15 లోపల కొద్దిపాటి జబ్బు. 15 నుండి 30 లోపల నడితరము. 30 గాని అంతకు మించి గాని యున్న తీవ్రము. ఈ కాగితమును జాగ్రత్తగా దాచవలెను. ముందుముందు యంత్రము మార్చినను, డాక్టరును మార్చినను ఇదియే ఆధారము.

యంత్రము ఏమి చేయును?

1980 వరకు తీవ్రమైన జబ్బునకు గొంతు ముందు రంధ్రము చేసి గొట్టము పెట్టుటయే నమ్మకమైన వైద్యముగా నుండెను. ఆ సంవత్సరము ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరములో కాలిన్ సలివన్ అను వైద్యుడు గాలినూదు మోటారును ముక్కు మాస్కునకు కలిపి ఒక రోగికి పెట్టి చూచెను. 1981లో ఐదుగురు రోగులలో కలిగిన ఫలితములను ఆయనయు, తోటివారును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. నేటి యంత్రములన్నియు ఆ పద్ధతి మీద వచ్చినవే.

ఇది మందు కాదు, ఆక్సిజను సిలిండరు కాదు. గదిలోని గాలినే వడగట్టి, మెత్తని ఒత్తిడితో లోనికి పంపును. ఆ ఒత్తిడికి గొంతు గోడలు అంటుకొనక ఎడముగా నిలుచును. ఊపిరి తీయువారము మనమే. ఒత్తిడిని నీటి సెంటీమీటర్లతో కొలుతురు. సామాన్యముగా 4 నుండి 20 వరకు ఉండును. చెంబు నీటిలో 10 సెంటీమీటర్ల లోతున ఒక గొట్టము ముంచి బుడగలు వచ్చునట్లు ఊదుటకు ఎంత బలము కావలెనో, 10 అనిన అంత. గొంతు తెరచుకొనుటకు ఎంత చాలునో అంతయే డాక్టరు నిర్ణయించును.

2020, 2021 సంవత్సరములలో కోవిడు నాటి వెంటిలేటర్లను చూచిన మనవారికి మాస్కు అనగానే గుండె ఝల్లుమనుట సహజము. "ఇంటిలోనే ఐ.సి.యు. పెట్టిరి" అని ముసలివారు కన్నీరు పెట్టుకొనుట కలదు. ఈ మాస్కు పెట్టుకొన్నవారు ఉదయము దానిని తీసి, కాఫీ త్రాగి, మగ్గము ఎక్కుదురని వారికి ముందే చెప్పవలెను. కంటి అద్దముల వలె ఇది పెట్టుకొన్నంతసేపు పనిచేయును. తీసిన రాత్రి గురక మరల వచ్చును.

ఎన్ని గంటలు పెట్టుకొన్నామన్నదే ముఖ్యము. గుండెజబ్బో, మెదడు రక్తనాళముల జబ్బో ఇదివరకే గల 2,700 మందికి పైగా రోగులతో, మన దేశముతో సహా ఏడు దేశములలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితము 2016లో వెలువడినది. యంత్రము ఇచ్చినవారికి పగటి తూగు తగ్గినది, మనస్సు తేటపడినది. కాని గుండెపోటు, పక్షవాతము తగ్గినట్లు కనబడలేదు. వారు యంత్రమును వాడినది రాత్రికి సగటున 3 గంటల 20 నిమిషములు మాత్రమే. ఇంత తక్కువ వాడుకయే దానికి కారణము కావచ్చునని పలువురు వైద్యుల అభిప్రాయము. వారములో ఐదారు రాత్రులైనను, రాత్రికి 4 గంటలకు తగ్గకుండ వాడుట కనీసపు మెట్టు. నిద్ర యున్నంతసేపు వాడుట గమ్యము.

మొదటి నాలుగు వారములు

క్రొత్త మగ్గము బిగించిన నాడే పూర్తి గజములు నేయుదుమని ఎవరును అనుకొనరు. ఈ యంత్రమునకును ఆ గడువు ఇయ్యవలెను.

మొదటి మూడు నాలుగు రోజులు పగటిపూట, మేలుకొని కూర్చుండి అలవాటు చేయుడు. మొదట పట్టీలు కట్టక, మాస్కును చేతితో ముఖమునకు ఆనించి ఊపిరి తీయుడు. పిదప పట్టీలు కట్టి, యంత్రము వేసి, పత్రిక చదువుచునో, టీ.వీ. చూచుచునో ఇరువది, ముప్పది నిమిషములు ఉండుడు. నోరు మూసి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి విడుచుట నేర్చుకొనవలెను. గాలి ఎదురువచ్చినట్లుండుట మొదట అందరికి తోచును.

తరువాత మధ్యాహ్నపు కునుకులో పెట్టుకొనుడు. ఆ పిమ్మట రాత్రి. పరుండగానే తక్కువ ఒత్తిడితో మొదలై నెమ్మదిగా పెరుగు ఏర్పాటు పలు యంత్రములలో గలదు, దానిని పెట్టించుకొనవలెను. నడిరాత్రి ఊపిరాడనట్లు తోచిన తీసివేసి, లేచి కూర్చుండి, నీరు త్రాగి మరల పెట్టుకొనుడు. తీసినందుకు దోషము లేదు. మరల పెట్టుకొనకుండుటయే నష్టము. రెండు గంటలతో మొదలుపెట్టి వారము వారము పెంచుకొనిన నాలుగు వారములలో చాలమందికి కుదురును. కొందరికి రెండు మూడు రోజులలోనే పగటి తూగు తగ్గును. కొందరికి కొన్ని వారములు పట్టును.

కష్టములు, వానికి సవరణలు

గాలి కారుట: మాస్కు అంచున గాలి కారి కంటిలోనికి కొట్టుట మొట్టమొదటి ఫిర్యాదు. వెంటనే పట్టీలు లాగి బిగింతురు. ముఖముపై పుండు పడును గాని గాలి ఆగదు. పడుగును మిక్కిలి బిగించిన పోగులు తెగును, వదులైన జారును; అది మనకు తెలిసిన పాఠమే. పట్టీ క్రింద రెండు వ్రేళ్లు దూరునంత వదులు ఉండవలెను. కూర్చుండి బిగించినది పరుండిన తరువాత మారును గావున, పరుండి, గాలి వచ్చుచుండగా సరిచేయవలెను. అప్పటికిని కారిన, కొలత తప్పినదన్నమాట. మాస్కులలో చిన్న, నడిమి, పెద్ద కొలతలు గలవు. ముక్కు రంధ్రములకు మాత్రమే ఆనునవి, ముక్కును కప్పునవి, ముక్కు నోరు రెండింటిని కప్పునవి అని రకములు గలవు. అమ్మినవానిని అడిగి మార్పించుకొనవలెను.

నూనె, మీసము, ముక్కుపుడక: రాత్రి ముఖమునకు కొబ్బరినూనె రాచుకొను అలవాటున్నచో మాస్కు జారును, దాని మెత్తని అంచు త్వరగా పాడగును. ముఖము కడుగుకొని తుడుచుకొని పెట్టుకొనవలెను. దట్టమైన గడ్డము మీసములున్నవారికి అంచు ఆనదు. మన ఆడవారి ముక్కుపుడక క్రింద ఒత్తుకొని పుండు పడవచ్చును. రాత్రివేళ తీసిపెట్టుటకు ఇంటి పెద్దలు అభ్యంతరపెట్టరాదు. తీయుటకు ఇష్టము లేనిచో దానికి తగులని రకము మాస్కును అడుగవలెను.

నోరు ఎండుట: నోరు తెరచి నిద్రించువారికి ముక్కు నుండి వచ్చిన గాలి నోట పోవును. గవదకు కట్టు పట్టీ గాని, ముక్కు నోరు కప్పు మాస్కు గాని వాడవలెను. యంత్రమునకు నీటితొట్టి యున్నచో గాలి చెమ్మగిల్లి ఎండుట తగ్గును.

ముక్కు దిబ్బడ: నూలు పొట్టులో పనిచేయు మనవారికి ఇది మామూలు. పరుండుటకు ముందు శుభ్రమైన ఉప్పునీటితో ముక్కు కడుగుకొనిన ఉపశమించును. ఎడతెగక యున్నచో డాక్టరు మందు ఇచ్చును. దిబ్బడ తెరచు చుక్కలను మందుల షాపులో కొని రోజుల తరబడి వాడరాదు, దిబ్బడ ముదురును.

కడుపుబ్బరము: కొందరు గాలిని మ్రింగుదురు. ఒత్తిడి గాని, దాని పద్ధతి గాని మార్చిన తగ్గును. ఆ మార్పు డాక్టరు సలహాపైననే చేయవలెను. ఇంటివారు మీటలు త్రిప్పరాదు.

మగ్గము గల ఇంటిలో

గుంట మగ్గమున్న గదిలోనే పరుండు కుటుంబములు మనలో కలవు. యంత్రము వెనుక నుండు వడపోత గుడ్డకు నూలు పొట్టు త్వరగా పట్టును. తక్కినవారు దానిని నెలకొకసారి చూచిన, మనము వారమునకొకసారి చూడవలెను. యంత్రమును మగ్గమునకు దూరముగా, నేలపై గాక, చిన్న పీటపై పెట్టుడు. చాప మీద పరుండువారు తల క్రింద ఎత్తు వేసికొనవలెను. నీటితొట్టి తల కంటె ఎత్తున ఉన్నచో నీరు గొట్టములోనికి దిగును. వస్త్రములు, దుప్పటి యంత్రముపై పడి గాలి దారి మూయకుండ చూడవలెను.

మాస్కును ప్రతి ఉదయము తడిగుడ్డతో తుడిచి, వారమునకొకమారు గొట్టమును, మాస్కును గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి సబ్బుతో కడిగి నీడన ఆరవేయుడు. తొట్టిలో బోరునీరు పోసిన ఉప్పు పేరుకొనును. వైద్యమునకై అమ్ము డిస్టిల్డ్ వాటరు పోసి, మిగిలినదానిని ప్రతి ఉదయము పారబోయవలెను. ఒకరి మాస్కు మరొకరు వాడరాదు.

కరెంటు సంగతి

బిల్లు పెరుగునను భయము పెద్దగా అక్కరలేదు. యంత్రము రాత్రికి వాడునది సుమారు అర యూనిట్టు. రెండు మాసములకు 30 యూనిట్లు. 2023 మార్చి నుండి తమిళనాడు ప్రభుత్వము చేనేతవారికి రెండు మాసములకొకసారి ఇచ్చు ఉచిత యూనిట్లను 200 నుండి 300కు పెంచినది. ఆ లెక్కతో చూచిన ఈ ఖర్చు చిన్నది.

కరెంటు పోయినచో ప్రాణాపాయమా అని పలువురు అడుగుదురు. కాదు. మాస్కుకు గాలి బయటకుపోవు రంధ్రములు గలవు; ముక్కు నోరు రెండును కప్పు మాస్కులకు యంత్రము ఆగిన వెంటనే తెరచుకొను తలుపు కూడ ఉండును. సామాన్యముగా మనిషికి మెలకువ వచ్చి మాస్కు తీసివేయును. కత్తిరి ఎండలలో కరెంటు తరచుగా పోవు వీధులవారు, ఇంట ఇన్వర్టరున్నచో దానికి కలుపుకొనవచ్చును. కలుపుటకు ముందు అమ్మినవానిని అడుగవలెను.

కొనునపుడు

కొనుటకు ముందు కొన్నిరోజులు అద్దెకు గాని, పరీక్షకు గాని ఇచ్చు దుకాణము దొరకునేమో విచారించుడు. మాస్కు కొలత మార్చి ఇత్తురా, మరమ్మతు వేలూరులోనే జరుగునా అని వ్రాతమూలముగా అడుగుడు. ఒకరి ఇంటిలో మూలబడిన యంత్రమును తక్కువకు కొని, అందులోని ఒత్తిడితోనే వాడుట తగదు. ఆ ఒత్తిడి వారి గొంతునకు సరిపోయినది. పైగా 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన యంత్రములలో కొన్ని రకములను, లోపలి నురుగుపొర చెడి పొడి రాలవచ్చునను కారణముచే వెనుకకు పిలిచినది. పాత యంత్రము చేతికి వచ్చినచో దాని నంబరును విచారింపక వాడరాదు.

యంత్రము మన వాడుక గంటలను, గాలి కారుటను, ఇంకను ఆగుచున్న శ్వాసల లెక్కను తనలో వ్రాసికొనును. మొదటి మాసము చివర దానిని డాక్టరునకు చూపవలెను. రాత్రి మద్యము, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు గొంతును మరింత సడలించును గావున మానవలెను. బరువు తగ్గించుట, ప్రక్కకు తిరిగి పరుండుట మేలుచేయును. యంత్రము ఎంతకును పొసగనివారికి, ముఖ్యముగా జబ్బు తీవ్రము కానివారికి, దవడను ముందుకు నిలుపు పళ్లతొడుగు మొదలగు దారులు గలవు. అవి డాక్టరుతో మాటలాడి తేల్చుకొనవలసినవి.

ఇంటివారి పని

ఈ జబ్బును మొదట కనిపెట్టువారు ప్రక్కన పరుండువారే. శ్వాస ఆగుట చూచిన భార్య గాని, భర్త గాని డాక్టరు వద్దకు వెంట పోయి తాము చూచినది చెప్పవలెను. ఫోనులో రెండు నిమిషములు గురకను పట్టి చూపిన మరింత మంచిది. యంత్రము ఇంటికి వచ్చిన పిదప పిల్లలు "ఏనుగు తొండము" అని నవ్వుట, చుట్టములు వచ్చిన రోజున దాచుట వంటి చిన్న సంగతులే దానిని అటకకు పంపును. గుడియాత్తము గంగమ్మ జాతరకు ఇల్లు నిండుగ చుట్టములు వచ్చినను, ఆ రాత్రియు మాస్కు పెట్టుకొని పరుండవలెను. పెండ్లికి ఊరు పోయినను యంత్రము సంచిలో వెంట పోవలెను.

మన వీధులలో ఈ యంత్రమును ఏడాదిగా వాడుచున్నవారు ఉన్నచో, క్రొత్తగా తెచ్చుకొన్నవారి ఇంటికి ఒక సాయంకాలము పోయి పట్టీలు సరిచూచి రావలెనని మేము కోరుచున్నాము. ఇప్పటికే అటక ఎక్కించినవారు దానిని దింపి, దుమ్ము దులిపి, వడపోత గుడ్డ మార్చి, నిద్రపరీక్ష కాగితముతో డాక్టరు వద్దకు మరియొకమారు పోవుదురుగాక. ఒక్క మాసపు ఓపికతో పగటి తూగు తగ్గినచో మగ్గము మీది చేయి నిలకడగా నుండును. బండి మీద పోయినవారు క్షేమముగా ఇల్లు చేరుదురు.